సినిమా, జర్నలిజం క్లాసులో ఫోన్ యాప్: ఏది నేర్పుతుంది, ఏది దాచేస్తుంది

క్లుప్తంగా

ఒక ఫోన్, నాలుగైదు యాప్‌లు ఉంటే షూటింగ్, ఎడిటింగ్, వార్తా సేకరణలో మొదటి పాఠాలు చాలావరకు చెప్పొచ్చు. అయితే చాలా యాప్‌లు విద్యార్థి తీసుకోవాల్సిన నిర్ణయాలను తామే తీసేసుకుంటాయి. ఏ నిర్ణయం విద్యార్థి చేతికి వస్తుందో చూసి యాప్‌ను ఎంచుకున్న క్లాసులో పని వస్తుంది. ఔట్‌పుట్ మెరుపు చూసి ఎంచుకున్న క్లాసులో వీడియోలు మాత్రమే పోగవుతాయి.

సినిమా, జర్నలిజం కోర్సుల్లో మొదటి అసైన్‌మెంట్‌ను ఫోన్‌తోనే తీసుకురమ్మనడం ఇప్పుడు మామూలైపోయింది. స్క్రిప్ట్ ఒక యాప్‌లో, షూటింగ్ ఇంకో యాప్‌లో, ఎడిటింగ్ మరో యాప్‌లో సాగుతాయి. దీని మీద రెండు వాదనలు గట్టిగా వినిపిస్తున్నాయి. ఫోన్ వచ్చాక పెద్ద కెమెరాతో పనేముందని కొందరంటారు. ఫోన్‌తో మొదలుపెట్టినవాళ్లకు కెమెరా ఎప్పటికీ అర్థం కాదని ఇంకొందరంటారు. ఉన్న ఫోన్ సరిపోతుందా, అప్పు చేసైనా కెమెరా కొనాలా అని కోర్సులో చేరేవాళ్లు టెన్షన్ పడుతుంటారు. దీనికి జవాబు ఫోన్ మోడల్‌లో దొరకదు. ఒక షాట్ తీయడంలో ఎన్ని నిర్ణయాలుంటాయో, వాటిలో ఎన్నిటిని యాప్ చడీచప్పుడు లేకుండా లాగేసుకుంటుందో చూస్తే దొరుకుతుంది.

ఫిల్మ్ దొరకని రోజుల నుంచి లెక్కలేనన్ని టేకుల దాకా

ప్రపంచంలో తొలి సినిమా స్కూల్‌గా పేరున్నది 1919లో మాస్కోలో మొదలైంది. ఆ రోజుల్లో అక్కడ ముడి ఫిల్మ్‌కు కటకట. అందుకని అక్కడి దర్శకుడు, గురువు లెవ్ కులెషోవ్ దగ్గర చేరిన విద్యార్థులు 'ఫిల్మ్ లేని సినిమాలు' తీసేవాళ్లు. అంటే సన్నివేశాన్ని షాట్లుగా విడగొట్టుకుని, కెమెరా లేకుండానే వేదిక మీద ఒక్కో షాట్‌నూ నటించి చూపేవాళ్లు. పాత సినిమాల ముక్కలను వేరే వరసలో అతికించి, అర్థం ఎలా మారుతుందో గమనించేవాళ్లు. ఎడిటింగ్ గురించి నేటికీ క్లాసుల్లో చెప్పే మొదటి సూత్రాలు కొన్ని ఆ కొరతలోంచే వచ్చాయి.

ఫిల్మ్ దొరికిన తరవాత కూడా అది పొదుపుగా వాడాల్సిన వస్తువే. 16 ఎం.ఎం. ఫిల్మ్ 400 అడుగుల రీలు, సెకనుకు 24 ఫ్రేముల చొప్పున దాదాపు 11 నిమిషాలు నడుస్తుంది. 35 ఎం.ఎం. అయితే అదే 400 అడుగులకు నాలుగున్నర నిమిషాలు కూడా రావు. కెమెరా నడిచిన ప్రతి సెకనూ ఖర్చే కాబట్టి షాట్‌కు ముందే రిహార్సల్ జరిగేది, నటులు ఎక్కడ నిలబడాలో నేల మీద గుర్తులు పడేవి, ఈ షాట్ ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉండేది. పోర్టబుల్ వీడియో, ఆ తరవాత డిజిటల్ టేపు ఈ ఖర్చును తగ్గిస్తూ వచ్చాయి. 2009లో వచ్చిన ఐఫోన్ 3జీఎస్‌తో ఆ ఫోన్లలో వీడియో రికార్డింగ్ మొదలైంది. మరుసటి ఏడాది ఐఫోన్ 4తో పాటు ఎడిటింగ్ యాప్ కూడా ఫోన్‌లోకి వచ్చింది. తీసే పరికరం, కోసే బల్ల ఒకే వస్తువు కావడం సినిమా చరిత్రలో కొత్త విషయం.

దీనివల్ల కలిగిన మేలు చాలా పెద్దది. పొద్దున తీసింది మధ్యాహ్నం ఎడిట్ చేసి, తప్పు ఎక్కడుందో తెలుసుకుని, సాయంత్రం మళ్లీ తీసుకురావచ్చు. రష్ (తీసినది తీసినట్టుగా ఉండే, ఎడిట్ చేయని ఫుటేజ్) ల్యాబ్ నుంచి ఎప్పుడొస్తుందా అని రోజుల తరబడి ఎదురుచూసిన తరానికి ఈ అవకాశం లేదు. చేతిపనులన్నిటిలాగే ఇదీ చేసీ చేసీ అబ్బేదే కాబట్టి ఈ వేగం నిజమైన లాభం. కానీ రీలు ధర అలవాటు చేసిన ముందు ఆలోచన మాత్రం ఫోన్‌తో పాటు రాదు. ఇరవై టేకులు తీసి ఏదో ఒకటి పనికొస్తుందిలే అనుకోవడం సులువు. ఆ లోటును టీచరే నిబంధనతో పూడ్చాలి. పన్నెండు షాట్లకు మించి వద్దు, ఒక్కో షాట్ పది సెకన్లు దాటొద్దు, రీటేక్ లేదు, తీసిన వరసలోనే చూపాలి. ఇలాంటి అసైన్‌మెంట్ ఫోన్‌ను మళ్లీ రీలుగా మార్చేస్తుంది. దీనికి కొత్త యాప్ ఏదీ అక్కర్లేదు.

ఫోన్‌తో తీసిన సినిమాల గురించి సగమే చెబుతున్నారు

ఫోన్ చాలనేవాళ్లు చూపే ఉదాహరణలు నిజమైనవే. కొరియా దర్శకుడు పార్క్ చాన్-వుక్ తమ్ముడితో కలిసి ఐఫోన్ 4తో తీసిన లఘుచిత్రానికి 2011లో బెర్లిన్ చిత్రోత్సవంలో గోల్డెన్ బేర్ వచ్చింది. షాన్ బేకర్ తీసిన 'టాంజరీన్' 2015లో అమెరికాలోని సన్‌డాన్స్ చిత్రోత్సవంలో ప్రదర్శన పొందింది. అది ఐఫోన్ 5ఎస్‌లతో, ఫిల్మిక్ ప్రో అనే యాప్ వాడి తీసింది. 2018లో స్టీవెన్ సోడర్‌బర్గ్, 2025లో డానీ బాయిల్ కూడా ఫోన్‌తో తీసిన సినిమాలను థియేటర్లకు తెచ్చారు.

ఈ కథలో రెండో సగం విద్యార్థుల దాకా చేరడం లేదు. 'టాంజరీన్'కు ఫోన్ ముందు వెడల్పాటి తెర బొమ్మ ఇచ్చే అనమార్ఫిక్ అడాప్టర్ బిగించారు, చేతి కుదుపు తగలకుండా స్టెబిలైజర్ వాడారు, శబ్దాన్ని వృత్తి నిపుణుల పరికరాలతో విడిగా రికార్డు చేశారు. డానీ బాయిల్ బృందం ఫోన్ల చుట్టూ పెద్ద రిగ్‌లు (పరికరాలు బిగించే చట్రాలు) కట్టి లెన్సులు తగిలించింది. వీళ్లెవరూ ఫోన్‌ను ఆటో మోడ్‌లో వదిలేసి తీయలేదు. అన్నీ తెలిసినవాళ్లు కావాలని ఫోన్‌ను ఎంచుకోవడం వేరు, ఇంకేమీ తెలియక ఫోన్‌తో తీయడం వేరు. మొదటిదాన్ని చూపించి రెండోది సరిపోతుందని నమ్మించడం నేర్చుకునేవాళ్లకు చేసే అన్యాయం.

ఆటోలో తీస్తే ఎవరు తీసినట్టు?

ఫోన్‌తో వచ్చే మామూలు కెమెరా యాప్ తెరవగానే వెలుతురు ఎంత ఉందో, ముఖం ఎక్కడుందో, రంగులు ఎలా కనబడాలో సాఫ్ట్‌వేర్ నిర్ణయించేస్తుంది. కిటికీ ముందు మనిషి కూర్చుంటే ముఖంలో వెలుతురు పెంచుతుంది. ఆ మనిషి కొంచెం పక్కకు జరిగితే షాట్ మధ్యలోనే వెలుతురును మళ్లీ మార్చేస్తుంది. ఇంట్లో జ్ఞాపకంగా తీసుకునే వీడియోకు ఇది మేలే. నేర్చుకునేవాళ్లకు మాత్రం నష్టం, ఎందుకంటే తప్పు జరగాల్సిన చోట జరగదు, జరిగిన చోట కారణం తెలియదు.

అందుకే క్లాసులో మొదటి మార్పు మాన్యువల్ కంట్రోల్ ఉన్న యాప్‌కు వెళ్లడం. ఆండ్రాయిడ్‌లో ఓపెన్ కెమెరా ఉచితం. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా కూడా ఉచితమే, 2023లో ఐఫోన్‌కూ 2024లో కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకూ వచ్చింది. వీటిలో షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం), ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి), వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనబడేలా చేసే రంగుల సర్దుబాటు), ఫోకస్ విడివిడిగా కనిపిస్తాయి, ఒక్కోదాన్నీ లాక్ చేయొచ్చు. కనిపించడమే ఇక్కడ సగం పాఠం.

ఒక ఉదాహరణతో చూస్తే యాప్ ఎంత దాచేస్తుందో తెలుస్తుంది. సినిమా కదలిక కంటికి సహజంగా అనిపించాలంటే షట్టర్ వేగం ఫ్రేమ్ రేటుకు రెట్టింపు దగ్గర ఉంచడం పాత అలవాటు. సెకనుకు 24 ఫ్రేములైతే 1/48, 25 అయితే 1/50. పెద్ద కెమెరాలో ఎండ ఎక్కువైతే లెన్స్ కన్నం చిన్నది చేసి వెలుతురు తగ్గిస్తారు. ఫోన్ లెన్సుల్లో చాలావాటికి ఆ కన్నం మారదు. 2018లో శాంసంగ్ గెలాక్సీ ఎస్9లో రెండు సైజుల కన్నం పెట్టడం లాంటివి అరుదైన ప్రయత్నాలు. కన్నం మారదు, ఐఎస్ఓ అప్పటికే అడుగున ఉంది, ఇక మిగిలింది షట్టర్ ఒక్కటే. మిట్టమధ్యాహ్నం ఎండలో అది 1/4000 దాకా పోతుంది. అప్పుడు పరుగెత్తే మనిషి చేతులు కాళ్లు ముక్కలు ముక్కలుగా, గుచ్చినట్టు కనబడతాయి. చూసేవాళ్లకు ఏదో తేడాగా ఉందనిపిస్తుంది, ఏమిటో చెప్పలేరు.

మాన్యువల్ యాప్‌లో షట్టర్‌ను 1/50కి లాక్ చేస్తే తెర మొత్తం తెల్లగా పాలిపోతుంది. ఇప్పుడు విద్యార్థికి సమస్య కళ్లకు కనిపించింది. 1/4000 నుంచి 1/50కి రావడమంటే వెలుతురు 80 రెట్లు లోపలికి రావడం. దాన్ని ఆపాలంటే లెన్స్ ముందు నల్ల అద్దం లాంటి ఎన్‌డీ ఫిల్టర్ పెట్టాలి. ఎన్‌డీ 64 అంటే వెలుతురును 64వ వంతుకు తగ్గించేది. అద్దం లేకపోతే నీడలోకి మారాలి, లేదా పొద్దు వాలే దాకా ఆగాలి. ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నా అది సినిమాటోగ్రాఫర్ ఆలోచనే. ఆటోలో తీసినవాళ్లకు ఈ ప్రశ్నే ఎదురవదు.

గదుల్లో తీసేటప్పుడు ఇంకో చిక్కు. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్న దేశాల్లో చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి, 60 హెర్ట్జ్ ఉన్న చోట 120 సార్లు. కంటికి తెలియదు, షట్టర్ దానికి పొత్తు కుదరకపోతే వీడియోలో మాత్రం చారలు పాకుతాయి. మొదటి చోట 1/50 లేదా 1/100, రెండో చోట 1/60 లేదా 1/120 పెడితే సాధారణంగా పోతాయి. ఫోన్ మార్చినా పోలేదని విసుక్కునే విద్యార్థులకు కారణం ఇంతే.

ఫోన్ నేర్పలేనిదీ ఇక్కడే ఉంది. కన్నం మార్చి ఫోకస్ లోతును పెంచడం తగ్గించడం, సన్నివేశం నడుస్తుండగా చేత్తో ఒక మనిషి మీంచి ఇంకో మనిషి మీదికి ఫోకస్ లాగడం, ఇవి చిన్న సెన్సర్ మీద సరిగ్గా అభ్యాసం కావు. పోర్ట్రెయిట్ మోడ్‌లో వెనక కనిపించే మసక లెన్స్ తెచ్చింది కాదు, సాఫ్ట్‌వేర్ లెక్క కట్టి వేసింది. జుట్టు అంచుల దగ్గర, కళ్లజోడు దగ్గర ఆ లెక్క తరచూ తప్పుతుంది. ఈ తేడా చూపించడానికైనా కోర్సులో ఒక్క పెద్ద కెమెరా ఉండాలి.

చెవికి దొరికిపోయే తప్పు

ఫోన్ వీడియోల్లో బొమ్మ బాగున్నా పనికిరాకుండా పోయేవాటిలో ఎక్కువ శబ్దం దగ్గరే పోతాయి. ఆరుబయట మైకుకు, మాట్లాడే మనిషికి మధ్య దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. చుట్టుపక్కల గోల మాత్రం అలాగే ఉంటుంది. ఫోన్‌లోని ఆటోమేటిక్ గెయిన్ అప్పుడు మొత్తాన్ని పైకి లేపుతుంది, మాటతో పాటు గోల కూడా లేస్తుంది. ఇంటర్వ్యూలో మనిషి ఆగిన ప్రతిసారీ వెనక రొద ఉప్పొంగినట్టు వినిపించడానికి ఇదే కారణం.

పరిష్కారం సులువు: మైకును నోటి దగ్గరికి తీసుకెళ్లడం. కాలర్ మైక్ లేకపోతే ఇంకో ఫోన్‌ను వాయిస్ రికార్డర్‌గా మార్చి చొక్కా జేబులో పెట్టొచ్చు. అప్పుడు ఒక్కసారి చప్పట్లు కొట్టి రెండు రికార్డింగులనూ కలుపుకోవాలి, క్లాప్ బోర్డు చేసే పని అదే. కొన్నిసార్లు మొదట కలిసిన మాట పది నిమిషాలు గడిచేసరికి పెదవులతో తప్పుతుంది. ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేమ్ రేటును అటూ ఇటూ మార్చుకోవడం దీనికి మామూలు కారణాల్లో ఒకటి. ఫ్రేమ్ రేటును స్థిరంగా పట్టి ఉంచే యాప్ వాడితే ఆ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది.

వార్త దగ్గర లెక్క వేరు

సినిమా విద్యార్థి సన్నివేశాన్ని మళ్లీ తీయించుకోవచ్చు. విలేకరికి ఆ వీలు లేదు. 2005 జులై 7న లండన్ రైళ్లలో పేలుళ్లు జరిగినప్పుడు సొరంగంలోని దృశ్యాలు ప్రయాణికుల ఫోన్ల నుంచే వార్తా సంస్థలకు చేరాయి. 2020లో అమెరికాలో పోలీసు అధికారి చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ మరణాన్ని ఫోన్‌లో చిత్రీకరించిన 17 ఏళ్ల అమ్మాయికి 2021లో పత్రికా రంగ పురస్కారాలిచ్చే పులిట్జర్ బోర్డు ప్రత్యేక గుర్తింపు ఇచ్చింది. ఆ వీడియోలో ఎఫెక్టులు లేవు, ఎడిటింగ్ లేదు. నిలకడగా, ఆపకుండా తీయడమే దాని బలం.

దీన్నుంచి ఫోన్ ఉంటే ఫొటోగ్రాఫర్ అక్కర్లేదనే తీర్మానానికి వెళ్లినవాళ్లూ ఉన్నారు. 2013లో షికాగో సన్-టైమ్స్ తన ఫొటోగ్రఫీ విభాగంలోని 28 మందినీ ఒకేసారి తొలగించి, విలేకరులకు ఐఫోన్ ఫొటోగ్రఫీలో శిక్షణ ఇస్తామని చెప్పింది. పరికరం తేలికైనంత మాత్రాన పని తేలిక కాదన్న చర్చ అప్పుడు అమెరికా పత్రికా రంగమంతా నడిచింది. ప్రశ్నలు అడుగుతూ, నోట్సు రాసుకుంటూ, అదే సమయంలో ఫ్రేమ్ చూసుకునే మనిషి దేనిమీదా పూర్తిగా మనసు పెట్టలేడు. మొబైల్ జర్నలిజం నేర్పేటప్పుడు ఈ భారాన్ని దాచకుండా చెప్పాలి.

తక్కువ సమయంలో ఎక్కువ ఫలితమిచ్చే అభ్యాసం ఐదు షాట్ల వరస. పని చేస్తున్న మనిషి చేతులు దగ్గరగా, ఆ తరవాత ముఖం, ఆ తరవాత దూరం నుంచి మొత్తం దృశ్యం, భుజం మీంచి ఒకటి, చివరికి ఎవరూ ఊహించని కోణంలో ఒకటి. ఒక్కో షాట్ పది సెకన్లు, కెమెరా కదలకూడదు. బైట్ (మనిషి మాట్లాడిన ముక్క) ఒక్కటే తీసుకుని ఆఫీసుకు పరుగెత్తిన విలేకరికి ఎడిటింగ్‌లో పైన పరచడానికి విజువల్స్ ఉండవు. ఈ వరస అలవాటైనవాళ్లకు ఆ ఇబ్బంది రాదు. ఫోన్ జూమ్ చేయకుండా కాళ్లతో దగ్గరికి వెళ్లడం కూడా దీనితోనే అలవడుతుంది. చాలా ఫోన్లలో వేలితో లాగే జూమ్ కొంత దూరం దాటాక బొమ్మను కోసి పెద్దది చేయడమే.

వార్తకే ప్రత్యేకమైన ఇంకో పాఠం, ఆధారం. ఫోన్ తీసిన ప్రతి ఫైలులో తేదీ, సమయం, అనుమతిస్తే స్థలం నమోదవుతాయి. వాట్సాప్ లాంటి యాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలు చాలావరకు తుడిచిపెట్టుకుపోతాయి, బొమ్మ కుదించుకుపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలు అలాగే వెళ్తుంది. ఈ ఒక్క తేడా తెలియకపోవడంతో మంచి ఆధారం పనికిరాకుండా పోతుంది. నకిలీ వీడియోలు పెరిగిన ఈ కాలంలో ఫైలు ఎక్కడ పుట్టిందో, ఎవరి చేతులు మారిందో నమోదు చేసే సీ2పీఏ ప్రమాణం కోసం 2021లో సంస్థలు చేతులు కలిపాయి. ప్రూఫ్‌మోడ్ వంటి యాప్‌లు తీసిన క్షణంలోనే ఫైలుకు డిజిటల్ సంతకం జోడిస్తాయి. మరోవైపు అదే స్థలం వివరం, పేరు చెప్పొద్దని కోరిన మనిషి ఇంటి చిరునామాను బయటపెట్టగలదు. ఎప్పుడు ఉంచాలి, ఎప్పుడు తీసేయాలి అన్నది యాప్ చెప్పదు. సెట్టింగుల మెనూ చూపించి వదిలేసే టీచర్ ఈ పాఠంలో ప్రమాదకరమైన సగాన్ని వదిలేసినట్టే.

టెంప్లేట్ కోసిన కట్

కైన్‌మాస్టర్, క్యాప్‌కట్, వీఎన్, ల్యూమాఫ్యూజన్ లాంటి ఎడిటింగ్ యాప్‌లలో టైమ్‌లైన్, కట్, ఆడియో ట్రాకుల సూత్రం కంప్యూటర్‌లో ఉన్నట్టే ఉంటుంది. ఒకదాంట్లో చేయి తిరిగినవాళ్లకు ఇంకోటి కొద్ది రోజుల్లో పట్టుబడుతుంది. తేడా టెంప్లేట్ల దగ్గర వస్తుంది. క్లిప్పులు పడేస్తే పాట తాళానికి తగ్గట్టు యాప్ తానే కోసి, మెరుపులు అద్ది ఇచ్చేస్తుంది.

కులెషోవ్ చూపించిన విషయాన్ని దీని పక్కన పెట్టాలి. ఒకే నటుడి భావం లేని ముఖం, దాని తరవాత గిన్నెడు సూప్ చూపితే ఆకలిగా, శవపేటిక చూపితే దుఃఖంగా ప్రేక్షకులకు కనిపించిందని ఆయన చెప్పాడు. అర్థం షాట్ల మధ్య సందులో పుడుతుంది. టెంప్లేట్‌కు ఆ సందులో ఏముందో తెలియదు, దానికి తెలిసింది తాళం ఒక్కటే. క్లాసులో ముప్పై మంది ఒకే టెంప్లేట్ వాడితే ముప్పై వీడియోలకూ ఒకటే ఊపిరి ఉంటుంది. అదే ముప్పై మందికి ఒకే పది క్లిప్పులిచ్చి, సంగీతం, ఎఫెక్టులు లేకుండా ఒక నిమిషానికి కోయమంటే ముప్పై కథలొస్తాయి. ఫోన్‌లో ఈ అభ్యాసం ఒక గంటలో ముగుస్తుంది.

మాటను అక్షరాల్లోకి మార్చే సదుపాయం గురించి కూడా ఇదే జాగ్రత్త అవసరం. గంట ఇంటర్వ్యూలో కావాల్సిన వాక్యం వెతకడానికి అది గొప్ప సాయం. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, అంకెల దగ్గర అది పొరబడుతుంది, వార్తలో తప్పు పోకూడనివి సరిగ్గా అవే. అసలు ఆడియో వినకుండా వాక్యాన్ని కోట్ చేయకూడదన్న నియమం మొదటి రోజే పెట్టాలి.

యాప్ పోతే పాఠం ఏమవుతుంది?

సిలబస్‌ను ఒక యాప్ పేరు మీద కట్టడం ఇసుక మీద గోడ లేపడం లాంటిది. ఫిల్మిక్ ప్రో ఏళ్ల తరబడి ఒక్కసారి డబ్బు కట్టి కొనుక్కునే యాప్‌గా ఉండి, 2022లో చందా పద్ధతికి మారింది. 2015లో వచ్చి లైవ్ రిపోర్టింగ్‌కు మారుపేరైన పెరిస్కోప్ 2021లో మూతపడింది. పాఠ్యాంశంలో 'ఎక్స్‌పోజర్ లాక్ చేయడం' అని రాసుకున్న కోర్సుకు యాప్ మారితే ఒక పూట పని. 'ఫలానా యాప్‌లో ఫలానా బటన్' అని రాసుకున్న కోర్సు మళ్లీ మొదటికొస్తుంది.

ఇంకో సమస్య విద్యార్థుల ఫోన్ల మధ్య అంతరం. ఒకరి ఫోన్ ప్రోరెస్ అనే భారీ ఫైళ్ల పద్ధతిలో తీస్తుంది, ఇంకొకరి ఫోన్‌లో రెండు నిమిషాలకే స్టోరేజ్ నిండిపోతుంది. ఆపిల్ లెక్క ప్రకారం 4కే, 30 ఫ్రేముల వీడియో హై ఎఫిషియెన్సీ పద్ధతిలో నిమిషానికి 200 ఎంబీ లోపే అయితే, 4కే ప్రోరెస్ నిమిషానికి 6 జీబీ. క్లాసు మొత్తానికీ 1080పీ అని గీత గీస్తే ఫోన్ ధర మార్కుల్లోకి రాదు. ఈ నిబంధన పెట్టని చోట మంచి ఫోన్ ఉన్నవాళ్ల పనే మంచి పనిగా కనిపిస్తుంది, తక్కినవాళ్లు తమకు చేతకాదనుకుంటారు. టీచర్లు ఎక్కువ పట్టించుకోవాల్సింది దీన్నే.

ఫోన్ మరో అలవాటును కూడా పెంచుతుంది. అది ఒక్కరి చేతిలో ఇమిడే వస్తువు కాబట్టి ఒక్కరే రాసి, తీసి, కోసేస్తారు. సెట్‌లో పని అలా సాగదు. లైట్ ఎటు పెట్టాలో, ఏ టేక్ ఓకేనో ఇంకొకరికి చెప్పి ఒప్పించాలి. అందుకని ఫోన్‌తో తీసినా ముగ్గురు నలుగురి జట్టుగా, దర్శకుడు ఫోన్ ముట్టకూడదన్న షరతుతో ఒక్క అసైన్‌మెంట్ అయినా ఉండాలి.

మార్కులు వేసే పద్ధతి కూడా దీన్ని బట్టే మారుతుంది. పూర్తయిన వీడియో ఒక్కటే చూస్తే విద్యార్థి పనేదో, యాప్ పనేదో విడదీయడం కష్టం. వీడియోతో పాటు కోయని రష్, ఎడిటింగ్ టైమ్‌లైన్ స్క్రీన్‌షాట్, పక్కన పెట్టేసిన రెండు షాట్లు, వాటిని ఎందుకు పక్కన పెట్టారో రెండేసి వాక్యాలు అడిగితే తేడా తెలిసిపోతుంది. టెంప్లేట్‌తో చేసినవాళ్ల దగ్గర ఆ రెండు వాక్యాలు ఉండవు.